ముందు మీ మరదలి ఎదుట కూర్చోండి

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. మాది విజయవాడ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో ఉండే మా తమ్ముడు పాపకు పాల ప్యాకెట్ తేవడానికి నీళ్లలోకి దిగి చనిపోయాడు. ఆ తర్వాత నేను ఒక స్వచ్ఛంద బృందంలో చేరి, ప్రమాదాల్లో అయినవాళ్లను పోగొట్టుకున్నవారి ఇళ్లకు వెళ్లి ఓదారుస్తున్నాను. చెప్పుకుంటే బరువు దిగుతుందని, జరిగినదంతా మొదటి నుంచి చెప్పించుకుంటాను. కొన్నాళ్లుగా నాకే నిద్ర పట్టడం లేదు. మనసు గట్టిపడటానికి ఏదైనా కోర్సు చేయాలా? ఆ రాత్రి తమ్ముడు నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు, నేను ఎత్తలేదు. మరదలు ఆ మాట అడిగినప్పటి నుంచి వాళ్లింటికి వెళ్లలేకపోతున్నాను. సంవత్సరీకానికి వెళ్లి, భోజనం కాగానే వచ్చేశాను. నెలనెలా డబ్బు మా అబ్బాయితో పంపుతున్నాను.

జవాబు: మనసును గట్టిపరిచే కోర్సు ఏదీ లేదు, మీకు దానితో పని కూడా లేదు. అయితే మీ పద్ధతిలో ఒక తప్పుంది, దాన్ని ఈరోజే మానుకోండి. ఆపదలో చిక్కినవారి చేత జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పించడం వల్ల మేలు కలగదని, కొందరికి అది కీడు కూడా చేయవచ్చని పరిశోధనలు తేల్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో మానసిక ప్రథమ చికిత్సపై వెలువరించిన పుస్తకం స్వచ్ఛంద కార్యకర్తలకు మూడే పనులు అప్పగించింది: చూడటం, వినడం, కలపడం. అంటే తక్షణం ఎవరికి ఏం కావాలో గమనించాలి, వాళ్లు చెప్పదలచుకున్నంత మేరకే వినాలి, అయినవాళ్లతోనూ సాయం చేయగలవారితోనూ కలపాలి. చెప్పడం ఇష్టం లేనివారి పక్కన మౌనంగా కూర్చోవడం కూడా ఓదార్పే.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో బాధితుల గురించి రెండు పేజీలు రాసి, మరదలి గురించి చివర నాలుగు వాక్యాలు రాశారు. నా దృష్టి ఆ నాలుగు వాక్యాల దగ్గరే ఆగిపోయింది. ముక్కూమొహం తెలియని ఇళ్లలో గంటల తరబడి కూర్చోగలిగిన మీరు తోడబుట్టినవాడి సంవత్సరీకం నాడు విస్తరి ముందు నుంచి లేచి నేరుగా గడప దాటి వచ్చేశారంటే, మీకు కరవైంది శిక్షణ కాదు. ఆమె ఒక్క ప్రశ్న అడిగింది, దానికి మీరు ఇంతవరకూ జవాబు చెప్పలేదు. ఆ జవాబును పరాయి ఇళ్లలో వెతుక్కుంటున్నారు కాబట్టే మీకు నిద్ర కరవైందని నేను అనుకుంటున్నాను.

డబ్బు పంపడం మానమని అనను, అది మీ ధర్మం. కానీ ఇంటికి పెద్దవాడు గుమ్మంలోకి రాకుండా కొడుకు చేత కవరు పంపిస్తే, దాన్ని అందుకునే మనిషి ఆత్మాభిమానం ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించారా? ఆ పిల్ల రేపు మీ చేతుల మీదుగా అత్తవారింటికి వెళ్లవలసినది. పెదనాన్న అంటే నెలకొకసారి వచ్చే కవరు అని ఆమె అనుకుంటూ పెరగడం నాకు సహించరాని విషయం.

ఈ ఆదివారం బృందానికి రాలేనని చెప్పి, మీ భార్యను వెంటబెట్టుకుని సింగ్‌నగర్ వెళ్లండి. "వాడు రెండుసార్లు చేశాడమ్మా, నేను ఎత్తలేదు" అని చెప్పండి. నిద్రలో ఉన్నాననీ, సిగ్నల్ లేదనీ ఆ మాటకు ఏమీ జోడించకండి. క్షమించమని ఒత్తిడి చేయకండి. మీ బరువు దించే పని ఆమెది కాదు. ఆమె కోప్పడితే వినండి. ఆ తర్వాత కూడా రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చేమీ ఉండదు.

ఆమె నోరు విప్పకపోతే పాపతో కాసేపు గడిపి రండి. పై ఆదివారం మళ్లీ వెళ్లండి. ఈసారి కవరు మీ చేత్తోనే ఇవ్వండి.