చైనాలో విదేశీ టీచర్‌గా పనిచేస్తే రోజూ స్కూలుకి వెళ్లిరావడం కష్టమా?

చెంగ్డూ లాంటి పెద్ద నగరంలో అయితే కష్టమేమీ లేదు. మెట్రో ఛార్జీ 2 యువాన్ల నుంచి మొదలవుతుంది, అంటే మన డబ్బుల్లో సుమారు పాతిక రూపాయలు. ఫోన్‌లో అలీపే అనే చెల్లింపుల యాప్ తెరిచి గేటు దగ్గర క్యూఆర్ కోడ్ చూపిస్తే చాలు. ఇప్పుడు విదేశీ బ్యాంకుల వీసా, మాస్టర్ కార్డులు కూడా అందులో కలుపుకోవచ్చు. ప్రతి స్టేషన్లో బ్యాగు ఎక్స్‌రే మిషన్‌లో పెట్టాలి. నీళ్ల సీసా కనిపిస్తే కొన్ని చోట్ల ఒక గుక్క తాగి చూపించమంటారు. ఉదయం ఎనిమిదింటి రద్దీలో ఈ లైనే అసలు ఆలస్యం, కాబట్టి పది నిమిషాలు ముందే బయల్దేరాలి.

స్టేషన్ నుంచి స్కూలు దాకా అద్దె సైకిల్ తీసుకోవచ్చు. అసలు టెన్షన్ ఫోన్ ఛార్జింగ్‌దే. అది అయిపోతే టికెట్, టీ, సైకిల్ అన్నీ ఆగిపోయినట్టే. అందుకే దుకాణాల్లో పవర్ బ్యాంకులు అద్దెకిస్తారు.

కాగితాల పని మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు. ఉద్యోగానికి జడ్ వీసా (ఉద్యోగం కోసం ఇచ్చే వీసా) మీదే రావాలి. సొంతంగా ఇల్లు అద్దెకు తీసుకుంటే దిగిన 24 గంటల్లో పోలీస్ స్టేషన్లో నమోదు తప్పనిసరి. ఎక్కడున్నా, చైనాకి వచ్చిన 30 రోజుల్లోపు రెసిడెన్స్ పర్మిట్‌కి దరఖాస్తు చేయాలి.

ఇక స్కూల్లో, భోజనం కాగానే లైట్లు ఆర్పేస్తారు. పిల్లలు బల్లల మీదే తల వాల్చి నిద్రపోతారు. టీచర్లు కూడా మడత మంచాలు తీస్తారు. మొదట్లో మనకి నవ్వొస్తుంది, నెల తిరక్కుండా మనమూ ఒకటి కొనుక్కుంటాం.