స్విఫ్ట్‌కి పాత అలాయ్స్: 98, 100 తేడా చూసుకో

తమ్ముడూ, స్విఫ్ట్‌కి సెకండ్‌హ్యాండ్ 15 అంగుళాల అలాయ్ వీల్స్ దొరికాయి, నాలుగు బోల్టులేగా, పట్టేస్తాయా అని అడిగావు కదా, అడ్వాన్స్ ఇచ్చే ముందు స్కేలు పట్టుకెళ్ళు. స్విఫ్ట్ పీసీడీ 4×100, అంటే నాలుగు బోల్టు హోల్స్, వాటి మధ్యల మీదుగా వెళ్ళే వృత్తం వ్యాసం 100 ఎంఎం. ఒక హోల్ ఎడమ అంచు నుంచి ఎదురు హోల్ ఎడమ అంచు దాకా కొలువు, సరిగ్గా 100 ఎంఎం రావాలి. కొన్ని ఫియట్ కార్లవి 4×98, చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి, బలవంతంగా నట్లు ఎక్కిస్తే ఎక్కుతాయి కూడా, కానీ స్టడ్ (నట్టు ఎక్కే బోల్టు) వంగి ఉంటుంది, రోడ్డు మీద నట్టు వదులైపోతుంది, దయచేసి ఆ పని చెయ్యకు.

ఇంకోటి, మధ్య బొక్క. స్విఫ్ట్ హబ్ (వీల్ మధ్య బొక్క కూర్చునే భాగం) 54.1 ఎంఎం, బయటి అలాయ్స్ బొక్క చాలావరకు 73.1 వస్తుంది, అందుకే ఆ ఖాళీ నింపే హబ్ రింగులు వెయ్యి, లేకపోతే స్పీడ్‌లో స్టీరింగ్ వణుకుతుంది. నట్లు ఎం12×1.25 అడుగు (12 ఎంఎం స్టడ్‌కి, మర చుట్ల మధ్య దూరం 1.25 ఎంఎం), హోండావి 1.5, అవి పట్టవు.

వీల్ తిప్పి లోపలి అంచు మీద వేలు పెట్టి మెల్లగా తడుము, వెల్డింగ్ గరుకు తగిలితే ఎంత చవకైనా వదిలెయ్. బాగుంటే టైర్ల షాపులో బ్యాలెన్సింగ్ మెషీన్ ఎక్కించి, ఊగట్లేదని నీ కళ్ళతో చూశాకే డబ్బులివ్వు.