పెరటి తోట: నారు కొనేముందు వేరు చూడండి

ప్రశ్న: డాబా మీద ఇరవై గ్రోబ్యాగులు నింపి పెట్టుకున్నాం. టమాట, వంకాయ, పచ్చిమిర్చి నారు కోసం రెండు నర్సరీలు తిరిగాను. ఒకచోట లేదన్నారు, ఇంకోచోట చిన్న కవర్లలో పూత మీదున్న మొక్కలు చూపించారు. మంచి నారు ఎక్కడ దొరుకుతుంది?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు తిరిగినవి పూలమొక్కల నర్సరీలు అయి ఉంటాయి. కూరగాయ నారు వాళ్ల అసలు సరుకు కాదు. ఎక్కడినుంచో తెచ్చి పెడతారు, అమ్ముడుపోయేదాకా అది అక్కడే ముదురుతుంది. మీరు వెళ్లాల్సింది రైతులకు మిర్చి నారు పెంచి ఇచ్చే షేడ్‌నెట్ నర్సరీలకు. మన దగ్గర మిర్చి వేసే ఊళ్లకు కొదవ లేదు కాబట్టి ఇవీ దూరం ఉండవు. అడ్రసు తెలియకపోతే ఏ విత్తనాలు, ఎరువుల దుకాణంలో అడిగినా చెప్తారు. రైతులు విత్తనం పొట్లం కొనేది అక్కడే, దాన్ని తీసుకుపోయి నర్సరీలో ఇచ్చి నారు పోయించుకుంటారు.

అంటే అక్కడున్న గుంతల ట్రేలలోని నారు చాలావరకు ఎవరో ఒక రైతుదే. అందుకే ‘టమాట నారుందా’ అని కాక, ‘ఆర్డర్లు పోను మిగులు ట్రే ఏమన్నా ఉందా’ అని అడగండి. పది, పదిహేను మొక్కలు పీకి ఇచ్చేవాళ్లున్నారు. ట్రే మొత్తం తీసుకోవాల్సిందే అనేవాళ్లూ ఉన్నారు. ట్రేకు 98 గుంతలు ఉంటాయి, వాడకట్టులో నలుగురు కలిస్తే సరిపోతుంది. జూలై, ఆగస్టుల్లో మిర్చి, వంకాయ, టమాట దొరుకుతాయి. క్యాబేజీ, కాలీఫ్లవర్‌కు అక్టోబర్, నవంబర్ మంచి కాలం. ఏప్రిల్, మేలలో వెతక్కండి, దొరికినా మన ఎండకు నిలవవు.

వారం అంగడిలో తడి గోనెపట్టాలో చుట్టి అమ్మే కట్టల నారు కూడా తీసిపారేయాల్సింది కాదు. అయితే పొద్దున పీకిందై ఉండాలి, మీరు అదే సాయంత్రం నాటాలి. మామునూరు, జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రాలను రకాల గురించి, విత్తనం గురించి అడగవచ్చు. నారు కోసమైతే ముందు ఫోన్ చేసి కనుక్కున్నాకే బస్సెక్కండి.

ఇక చూసి కొనడం. ఎత్తు చూసి మోసపోవద్దు. టమాట నారుకు 25 రోజులు, వంకాయకు 30–35, మిర్చికి 35–40 రోజుల వయసు చాలు. జానెడు కంటే తక్కువ ఎత్తు, నాలుగైదు ఆకులు, గట్టి కాండం ఉండాలి. ట్రే అడుగున ఉన్న రంధ్రంలోంచి వేలితో తోసి ఒక మొక్కను పైకి లేపండి. వేళ్లు తెల్లగా ఉండి, మట్టికి బదులు గుంతలో నింపిన కొబ్బరిపొట్టు గడ్డ విడిపోకుండా వస్తే కొనండి. పొట్టు జలజల రాలితే ఇంకో వారం ఆగాలి. వేళ్లు గోధుమరంగుకు తిరిగి గడ్డ చుట్టూ తాడులా చుట్టుకుని ఉంటే ముదిరిపోయింది. తర్వాత ఆకు తిప్పి అడుగు చూడండి. తెల్లదోమ లేస్తే, లేత ఆకులు పైకి ముడుచుకుని ఉంటే ఆ ట్రే ఉచితంగా ఇచ్చినా తెచ్చుకోకండి. ఆకుముడత వైరస్‌కు మందు లేదు. టమాటలో అర్కా రక్షక్ లాంటి తట్టుకునే రకం ఉందేమో అడగండి.

ముదురు నారే దొరికితే? టమాట ఒక్కదానికే దారి ఉంది. కింది ఆకులు తుంచి, కాండాన్ని ఏటవాలుగా పడుకోబెట్టి సగం దాకా పూడిస్తే మట్టిలో ఉన్న కాండానికి కొత్త వేళ్లు వస్తాయి. కాలీఫ్లవర్ ముదురు నారు నాటితే గుప్పెడంత పువ్వు వేసి ఊరుకుంటుంది.

ప్రశ్న: బెండ, బీర, కాకర, గోకర నారు కూడా కొనాలా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: అక్కర్లేదు. ఇవి వేరు కదిలితే అలుగుతాయి, గింజ నేరుగా నాటుకోవడమే మేలు. కాకర గింజ పెంకు గట్టిది, రాత్రంతా నానబెట్టి అర అంగుళం, ముప్పావు అంగుళం లోతులో పెట్టండి. కోతులో, కోళ్లో గింజలు ఏరుకుపోతుంటే బీర, కాకర కాగితం కప్పుల్లో మొలిపించి, రెండు అసలు ఆకులు రాగానే కప్పు అడుగు చింపి గడ్డతో సహా నాటండి.

ప్రశ్న: అంగడిలో కొన్న వంకాయ నారు నాటిన నాలుగో రోజుకే ఒక్కొక్కటి పడిపోతోంది. రోజూ రెండుపూటలా నీళ్లు పోస్తున్నాం.
– ఒక పాఠకురాలు, జమ్మికుంట

జవాబు: పడిన మొక్కను మొదలు దగ్గర చూడండి. నేలకు ఆనేచోట కాండం నల్లబడి దారంలా సన్నబడితే అది నారుకుళ్లు. రెండుపూటలా పోసే నీళ్లే దాన్ని పెంచుతున్నాయి, నల్లరేగడి అయితే ఇంకా తొందరగా. నీళ్లు ఆపి, పైమట్టి ఆరనిచ్చి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మిగిలిన మొక్కల మొదళ్లు తడిసేలా పోయండి. కాండం కత్తిరించినట్టు తెగి పడుంటే తెగులు కాదు, పురుగు. మొక్క చుట్టూ రెండంగుళాల లోతు మట్టి తవ్వితే బూడిదరంగు పురుగు చుట్టచుట్టుకుని కనిపిస్తుంది, ఏరి చంపేయడమే. వేళ్లను చెదలు కొరికితే పేడ సరిగా మాగలేదని అర్థం. పచ్చిపేడ వేసినచోట మళ్లీ నాటకండి.

ప్రశ్న: నారు నేనే పోసుకుంటాను. టమాట విత్తనం పొట్లం 10 గ్రాములు ఉంది. ఎంత వాడాలి?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: గ్రాముకు సుమారు 300 గింజలు. మీ దగ్గరున్నవి మూడు వేల దాకా! ఇంటికి పాతిక మొక్కలు చాలు కదా, చిటికెడు తీసుకుని మిగతావి పంచండి, లేదా గాలి చొరని సీసాలో ఫ్రిజ్‌లో దాచండి.

ట్రే నిండడానికి 1.2 కిలోల తడి కొబ్బరిపొట్టు పడుతుంది. దుకాణంలో కొన్న కొబ్బరిపొట్టు ఇటుకను నీళ్లలో నానబెట్టి, పిండి, మళ్లీ కొత్త నీళ్లు పోసి ఇంకోసారి పిండండి. దానిలో ఉప్పు ఉంటుంది, కడగకపోతే మొలకల ఆకు అంచులు మాడతాయి. గుంతకు ఒక్క గింజ, అర సెంటీమీటరు లోతు. నీళ్లు చల్లి, ప్లాస్టిక్ షీటు కప్పి నీడలో పెట్టండి. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. నాలుగో రోజు నుంచి పొద్దునా సాయంత్రం షీటు లేపి చూడాలి. మొదటి మొలక కనపడగానే తీసేసి వెలుతురులో పెట్టాలి. ఒక్కరోజు ఆలస్యమైనా మొలకలు పాలిపోయి దారాల్లా సాగుతాయి, ఆ తర్వాత ఎంత ఎండలో పెట్టినా బలం పట్టవు. పైన 50 మెష్ (అంగుళానికి 50 కళ్లున్న) వల కడితే తెల్లదోమ దూరదు. పన్నెండో రోజున, ఇరవయ్యో రోజున లీటరుకు 2 గ్రాముల 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండి నీళ్లలో కరిగే ఎరువు) కలిపి చల్లండి. నాటడానికి నాలుగు రోజుల ముందు నుంచి నీళ్లు తగ్గించి, వల తీసి పొద్దుటి ఎండ తగలనివ్వండి.