ఇంగ్లీషు రాదని రాసెయ్యమంటున్నాడు మా అబ్బాయి

ప్రశ్న: నిరుడు సిటిజన్‌షిప్ వచ్చింది. మామూలు జనంలోంచి కేసు విని తీర్పు చెప్పే పన్నెండు మందిలో ఒకరిగా రమ్మని మొన్న శాన్ హోజే కోర్టు నుంచి జ్యూరీ సమన్లు వచ్చాయి. నాకు 66 ఏళ్ళు. ఇంగ్లీషు వింటే అర్థమవుతుంది, చదువుతాను, మాట్లాడేటప్పుడే తడబడతాను. ‘ఇంగ్లీషు రాదని రాసి పంపెయ్, పీడా పోతుంది’ అంటాడు మా అబ్బాయి. కోడలేమో వెళ్ళమంటోంది. ఆ ఊళ్ళోనే మీరు జ్యూరీలో కూర్చున్నారని విన్నాను. అక్కడేం జరుగుతుందో చెబుతారా?
– ఒక రిటైర్డ్ టీచరు, కూపర్టినో

జవాబు: టీచరుగారూ, మీ కోడలి మాట వినండి.

మీ అబ్బాయి చెప్పినట్టు రాస్తే పని జరిగిపోతుందేమో. కానీ ఆ ఫారం కింద పెట్టేది ఉత్త సంతకం కాదు. రాసినదంతా నిజమని, అబద్ధమైతే శిక్షకి బాధ్యత నాదేనని ఒప్పుకుంటూ పెట్టేది. కాపీ కొట్టొద్దని అన్నేళ్ళు పిల్లలకి చెప్పిన మీరు ఈ వయసులో ఆ పని చేస్తారా? పైగా సిటిజన్‌షిప్ పరీక్షకి మీరు బట్టీ పట్టిన ప్రశ్నల్లోనే ఉంది, జ్యూరీలో పనిచేసేది పౌరులేనని. పరీక్షలో ఇంగ్లీషులోనే ఒప్పజెప్పి, ఏడాది తిరిగీ తిరక్కుండా ఆ ఇంగ్లీషే రాదంటే ఏం బావుంటుంది?

నిజంగానే రానివాళ్ళ సంగతి వేరు. 55 ఏళ్ళు దాటి, గ్రీన్ కార్డు మీద 15 ఏళ్ళు ఉన్నవాళ్ళు ఆ సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూని దుబాసీని పెట్టుకుని తెలుగులోనే ఇవ్వొచ్చు. మా వదిన అలాగే ఇచ్చింది. ఆవిడకి సమన్లు వచ్చినప్పుడు ఇంగ్లీషు చాలదని రాసింది, వదిలేశారు. అది నిజం కాబట్టి బెంగ లేదు. మీ పరిస్థితి అది కాదు. మీకు అర్థమవుతుంది. జ్యూరీలో పని మాట్లాడటం కన్నా వినడం ఎక్కువ.

ఇక ఏం జరుగుతుందంటారా. కాలిఫోర్నియాలో పద్ధతి ‘ఒక రోజు లేదా ఒక కేసు’. సమన్ల మీద మీ గ్రూపు నెంబరు ఉంటుంది. ముందురోజు సాయంత్రం వెబ్‌సైట్‌లోనో ఫోన్లోనో చూసుకోవాలి. మీ గ్రూపుని పిలవకపోతే వెళ్ళక్కర్లేదు. వెళ్ళాక కూడా ఆ రోజు మిమ్మల్ని ఏ కోర్టు హాలుకీ పంపకపోతే సాయంత్రానికి పని అయిపోయినట్టే, కనీసం ఏడాదిపాటు మళ్ళీ పిలవరు. చాలామంది అనుభవం ఇంతే, ఒక పెద్ద హాల్లో కూర్చుని పుస్తకం చదువుకుని రావడం. కుదరని రోజులైతే వాయిదా అడగొచ్చు. మీకు ఇంకా వర్తించదు గానీ, 70 దాటి ఒంట్లో బాగోనివాళ్ళు డాక్టరు చీటీ లేకుండానే మినహాయింపు కోరవచ్చు. డబ్బు సంగతి అడక్కండి. మొదటి రోజుకి ఏమీ లేదు, రెండో రోజు నుంచి రోజుకి 15 డాలర్లు.

నన్ను హాల్లో కూర్చోబెట్టి వదల్లేదు. వెస్ట్ హెడ్డింగ్ వీధిలో హాల్ ఆఫ్ జస్టిస్ అని ఉంటుంది, క్రిమినల్ కేసులు ఎక్కువగా అక్కడే. పేర్లు చదువుతున్న క్లర్కు ఒకచోట ఆగి గొంతు సవరించుకుంది. అది నా పేరేనని వేరే చెప్పక్కర్లేకపోయింది! ఆ తర్వాత హాయి. లోపల ఎవరినీ పేరుతో పిలవరు, అందరం నెంబర్లమే.

తాగి కారు నడిపాడన్న కేసు. అభియోగాలు రెండు. ఒకటి మత్తులో నడపడం. రెండోది రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం, అంతకుమించి ఉండగా నడపడం. జడ్జిగారూ, రెండు వైపుల లాయర్లూ మమ్మల్ని వరసగా ప్రశ్నలడిగారు. మీరేం చేస్తుంటారు, పోలీసుల్లో చుట్టాలున్నారా, తాగి నడిపినవాళ్ళ వల్ల మీ ఇంట్లో ఎవరికైనా నష్టం జరిగిందా, ఇలాంటివి. తమ్ముణ్ణి అలాంటి ప్రమాదంలోనే పోగొట్టుకున్న ఒకావిడ చెబుతూ చెబుతూ ఆగిపోయింది. జడ్జిగారు ఆవిడకి థాంక్స్ చెప్పి వెంటనే పంపేశారు. ఇంకొకాయన, ఏ కేసైనా సరే ముద్దాయి తప్పు చేసే ఉంటాడు, నేనింతే అన్నాడు. తప్పించుకోవడానికి వేసిన ఎత్తని అందరికీ తెలుస్తూనే ఉంది. జడ్జిగారు ఆయన్ని అంత తేలిగ్గా వదల్లేదు, చాలాసేపు నిలబెట్టి మర్యాదగానే ఉతికారు.

డిఫెన్స్ లాయరు, అసలు మద్యం ముట్టనివాళ్ళు చెయ్యెత్తండి అంది. నేనూ, ఇంకో కుర్రాడూ ఎత్తాం. ‘తాగేవాళ్ళంటే మీకు చిన్నచూపా?’ అని నన్నడిగింది. ‘నేను ముట్టను గానీ, మా ఇంటి పెళ్ళిళ్ళలో తాగొచ్చినవాళ్ళకి కూడా కొసరి కొసరి వడ్డించినదాన్నే’ అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. నవ్వారు. ఉంచేసుకున్నారు. మీరు భయపడుతున్న ఇంగ్లీషు అంత మాత్రమే కావాలి టీచరుగారూ. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమనండి. ‘అర్థమవుతుంది, నెమ్మదిగా మాట్లాడతాను’ అని మొదటే జడ్జిగారికి చెప్పేయండి. సరిపోతుందో లేదో ఆయన తేలుస్తారు, మీ అబ్బాయి కాదు.

విచారణలో ఎక్కువభాగం ఊదే మిషను గురించే. ఇద్దరు పోలీసులు, ఒక ల్యాబ్ నిపుణురాలు సాక్ష్యం చెప్పారు. నోట్సు రాసుకోవడానికి మాకు పుస్తకాలిచ్చారు. ఆ రాత్రి పోలీసు ఛాతీకి తగిలించుకున్న కెమెరాలో పడ్డ వీడియో వేశారు. ముద్దాయి రోడ్డు పక్కన గీత మీద అడుగులో అడుగు వేసి నడిచాడు, ఒకసారి చెయ్యి చాపి నిలదొక్కుకున్నాడు, మాట మాత్రం స్పష్టంగా ఉంది. మిషనులో రెండుసార్లు ఊదితే ఒకటి 0.09, ఒకటి 0.08. ముద్దాయి బోనెక్కనే లేదు.

తర్వాత పన్నెండు మందిని ఒక గదిలో పెట్టి తలుపేశారు. బయట కాపలాకి బెయిలిఫ్ అనే కోర్టు పోలీసు. గదిలో పొడుగాటి బల్ల, గోడ మీద గడియారం. మొదటి మాటే ఒక పెద్దమనిషి అందుకున్నాడు, ‘తప్పు చేయనివాడైతే వచ్చి చెప్పుకోవచ్చుగా?’ అని. మన దగ్గరా ఉంది కదా, మౌనం అర్ధాంగీకారమని. అక్కడ అది చెల్లదు. ముద్దాయికి నోరు విప్పకుండా ఉండే హక్కుంది, దాన్ని అతనికి వ్యతిరేకంగా ఏ కాస్తా లెక్కలోకి తీసుకోకూడదని జడ్జిగారిచ్చిన కాగితాల్లో రాసే ఉంది. మా ఫోర్‌మన్, అంటే మా పన్నెండు మందికీ పెద్ద, ఆ పేరా తీసి, బడిలో చదివినట్టు గట్టిగా చదివి వినిపించింది. ఆ పెద్దాయన నచ్చకపోయినా తలూపాడు.

నాకు లెక్కల ఉద్యోగంలో జీవితం గడిచింది. అందరూ వీడియో మీద వాదించుకుంటుంటే నేను ఆ మిషను రికార్డు ముందేసుకుని కూర్చున్నాను. కాలిఫోర్నియాలో ఆ మిషన్లని 10 రోజులకోసారి గానీ, 150 మందిని పరీక్షించాక గానీ, ఏది ముందొస్తే అప్పుడు తనిఖీ చెయ్యాలి. తేదీలన్నీ వేలు పెట్టి చూశాను. వరస తప్పలేదు. మిషను మంచిదే అన్నాను, కొందరి మొహాలు వెలిగాయి. చిక్కల్లా వేరేచోట వచ్చింది. పరీక్ష చేసింది కారు ఆపిన గంటకి. తాగింది ఒంట్లోకి ఎక్కడానికి కొంత టైము పడుతుంది, చివరి గ్లాసు బయల్దేరబోయే ముందు తాగి ఉంటే స్టీరింగు ముందున్నప్పుడు 0.08 కన్నా తక్కువే ఉండొచ్చని ల్యాబ్ నిపుణురాలే ఒప్పుకుంది. నడిపిన మూడు గంటల్లోపు చేసిన పరీక్షలో 0.08 వస్తే, నడిపినప్పుడూ అంతే ఉందని మేం అనుకోవచ్చు. అనుకుని తీరాలని లేదు.

అనుమానమంటే ఎంత అనుమానం? లోకంలో ప్రతిదానికీ ఏదో ఒక అనుమానం ఉండనే ఉంటుంది, అన్నీ తుడిచిపెట్టుకుపోనక్కర్లేదు, కానీ అభియోగం నిజమన్న నమ్మకం మీలో నిలిచి ఉండాలి, అని ఆ కాగితాల్లో ఉంది. ఆ నిలవడం దగ్గరే మా తగువంతా. నాకు పగలు నిలిచేది, రాత్రి పడుకునేసరికి జారేది. పన్నెండు మందీ ఒక్కమాట మీదకి రావాలి, ఓట్లు లెక్కపెట్టి తేల్చేది కాదు. చివరికి రెండు అభియోగాల మీదా నిర్దోషి అన్నాం. అతను తాగలేదని మేమెవరం అనలేదు. రుజువు కాలేదన్నాం. బయటికొస్తూ ఆ పెద్దాయన నాతో లిఫ్టులో ఒక్క మాటా మాట్లాడలేదు.

వెళ్ళండి. స్వెట్టరు తీసుకెళ్ళండి, లోపల ఏసీ దారుణం.

ప్రశ్న: కేసు గురించి ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడదటగా? మా వారు నమ్మడం లేదు.
– శాంటా క్లారా

జవాబు: నిజమేనమ్మా, అసలు కష్టమంతా అదే. జడ్జిగారు జాబితా చదివారు, కుటుంబసభ్యులు, స్నేహితులు, మతగురువులు, మానసిక వైద్యులు, ఎవరితోనూ మాట్లాడొద్దని. ఇంటర్నెట్‌లో వెతకొద్దు, జరిగిన చోటు చూసి రావద్దు. ఆ చోటు నేను రోజూ కూరగాయలకి వెళ్ళే దారిలోనే ఉంది! కేసు అయ్యేదాకా చుట్టు తిరిగి వెళ్ళాను.

మా ఆయన అన్నం దగ్గర మొదలుపెట్టేవారు. ‘హత్యా? పోనీ దొంగతనమా? ఊఁ అను చాలు’. నేను ‘చారులో ఉప్పు చాలిందా’ అనేదాన్ని. మా అక్కయ్య హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, నాకు చెబితే ఏమవుతుందే, నేనేమన్నా అమెరికాలో ఉన్నానా అంది. మనిళ్ళల్లో ఒక మనిషి రోజంతా ఎక్కడికో వెళ్ళొచ్చి నోరు మెదపకపోతే అందరికీ కడుపుబ్బరమే. కానీ జ్యూరర్ ఇంట్లో నోరు జారితే విచారణ మొత్తం రద్దయి మళ్ళీ మొదటికొచ్చే ప్రమాదముంది. ఇంట్లోవాళ్ళ అభిప్రాయం మనకి తెలియకుండానే ఎక్కేస్తుంది కూడా. తీర్పు చెప్పాక మాట్లాడొచ్చు. ఆ రాత్రి అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ‘తాగి నడిపిన కేసా, అంతేనా’ అని టీవీ పెట్టుకున్నారు.

ప్రశ్న: నాది గ్రీన్ కార్డు. అయినా జ్యూరీ సమన్లు వచ్చాయి. పొరపాటున వచ్చాయని పడేయొచ్చా?
– మిల్పిటాస్

జవాబు: పడెయ్యొద్దు బాబూ. పేర్లు డ్రైవింగ్ లైసెన్సుల జాబితా లాంటివాటి నుంచి కూడా తీస్తారు, అందుకే పౌరులు కానివాళ్ళకీ వస్తుంటాయి. ఫారంలో పౌరుణ్ణి కాదని చెప్పే చోట గుర్తు పెట్టి, సంతకం చేసి, గడువులోగా పంపేయ్. ఒక నకలు దాచుకో. అంతకన్నా ముఖ్యం, తెలియక పౌరుణ్ణని గుర్తు పెట్టి వెళ్ళి కూర్చోవద్దు. పౌరుణ్ణని తప్పుగా చెప్పుకోవడం ఇమిగ్రేషన్‌లో పెద్ద చిక్కు, రేపు నీ సిటిజన్‌షిప్‌కే అడ్డం పడుతుంది. ఇప్పటికే అలా పంపేసి ఉంటే మాత్రం నన్ను కాదు, ఇమిగ్రేషన్ లాయర్ని అడుగు.

ప్రశ్న: మన దేశంలో జ్యూరీ ఎందుకు లేదు?
– హైదరాబాద్

జవాబు: ఉండేది. ఇంగ్లీషువాళ్ళు పెట్టారు. 1959లో బొంబాయిలో నానావతి అనే నేవీ కమాండర్ తన భార్య ప్రియుణ్ణి కాల్చి చంపాడు. ఊళ్ళో చాలామంది, కొన్ని పత్రికలు అతని పక్షం. జ్యూరీ 8–1తో నిర్దోషి అంది. సెషన్స్ జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపారు, అక్కడ యావజ్జీవం పడింది, 1961లో సుప్రీంకోర్టూ ఖాయం చేసింది. ఆ కేసు వల్లే జ్యూరీ పోయిందని చెప్పుకుంటారు గానీ, తీసెయ్యమని లా కమిషన్ 1958లోనే చెప్పింది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో పూర్తిగా పోయింది. ఒక్క పార్శీల విడాకుల కేసుల్లో మాత్రం దాని ఛాయ మిగిలింది. పోయినందుకు నాకేం బాధ లేదు. ఊళ్ళో అందరికీ అందరూ తెలిసినచోట, కులమూ పార్టీ ముందే తెలిసినచోట, పన్నెండు మందిని ఎక్కణ్ణుంచి తెస్తాం?

ప్రశ్న: జ్యూరీ డ్యూటీకి రాలేదు, వారెంటు ఉంది, వెంటనే గిఫ్ట్ కార్డులతో జరిమానా కట్టమని షెరిఫ్ ఆఫీసు పేరుతో మా నాన్నగారికి ఫోన్ వచ్చింది. కట్టాలా?
– సన్నీవేల్

జవాబు: పైసా కట్టొద్దు. అది మోసం. కోర్టులు ఫోన్ చేసి డబ్బడగవు, గిఫ్ట్ కార్డులు అసలే తీసుకోవు. ఫోన్లో మీ నాన్నగారు బ్యాంకు నెంబరు గానీ, సోషల్ సెక్యూరిటీ నెంబరు గానీ చెప్పారేమో కనుక్కోండి. చెప్పి ఉంటే ఇవాళే బ్యాంకుకి ఫోన్ చెయ్యండి. ఆయనకి నిజంగా సమన్లు వచ్చాయో లేదో తెలుసుకోవాలంటే కోర్టు వెబ్‌సైట్‌లో ఉన్న జ్యూరీ ఆఫీసు నెంబరుకి మీరే చెయ్యండి, వాళ్ళిచ్చిన నెంబరుకి కాదు.