మా అమ్మాయి ఎం.ఎం.ఎ. ఫైటర్ అవుతానంటోంది... పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 18 ఏళ్లు. ఆరేళ్లుగా జూడో చేస్తోంది. బరువు 61 కిలోలు, ఒంట్లో పెద్దగా కొవ్వు లేదు. డిగ్రీ వాయిదా వేసి జిమ్‌లో చేరతానని, ప్రొఫెషనల్ మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ (ఎం.ఎం.ఎ., గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన పోటీ) ఫైటర్ అవుతానని పట్టుబట్టింది. 52 కిలోల విభాగానికి దిగితే తిరుగుండదని, ఏడాదిలో ప్రొఫెషనల్‌ని చేస్తామని జిమ్ వాళ్లు అంటున్నారు. ఇందులో బతుకుదెరువు ఉందా? ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోండి, కానీ జిమ్ వాళ్లు చెప్పిన పద్ధతిలో కాదు. చదువు ఆపక్కర్లేదు. రెండు మూడేళ్లు అమెచ్యూర్‌గా పోటీ చేయనివ్వండి. ప్రొఫెషనల్ మాట ఆ తర్వాతే. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది డిగ్రీ వాయిదా కన్నా ఆ 52 కిలోల మాట. ముందు దాని సంగతి చూద్దాం.

ఆడవాళ్లకు ఎక్కువగా నడిచే విభాగాలు మూడు: స్ట్రావెయిట్ 52.2 కిలోలు, ఫ్లైవెయిట్ 56.7, బాంటమ్‌వెయిట్ 61.2. టైటిల్ ఫైట్ కాకపోతే మరో అర కిలో దాకా వెసులుబాటు ఇస్తారు. బరువు చూసేది సాధారణంగా ఫైట్‌కు ముందురోజు. అందుకే ఫైటర్లు ఒంట్లో నీరు పిండేసి తూకానికి నిలబడి, మర్నాటికి మళ్లీ నింపుకుంటారు. మీ అమ్మాయి 61 నుంచి 56.7కి రావాలంటే 4.3 కిలోలు, అంటే 7 శాతం తగ్గాలి. అది కష్టమే గానీ పద్ధతిగా చేస్తే కుదురుతుంది. 52.2కి రావాలంటే 8.8 కిలోలు, 14 శాతం పైమాటే. కొవ్వు లేని ఒంట్లోంచి అంత తీయాలంటే పోయేది కండ, నీరు, ఇంకా ఎదుగుతున్న ఎముకల బలం. 2015 డిసెంబరులో మనీలాలో ఫైట్ ముందు బరువు దించుకుంటూ 21 ఏళ్ల చైనా ఫైటర్ యాంగ్ జియాన్ బింగ్ చనిపోయాడు. ఆ పోటీ నిర్వహించిన వన్ ఛాంపియన్‌షిప్ ఆ తర్వాత నీరు పిండి బరువు తగ్గడాన్నే నిషేధించి, తూకంతో పాటు మూత్రం చిక్కదనం కూడా పరీక్షించడం మొదలుపెట్టింది.

7 శాతం పద్ధతిగా తగ్గడం ఎలా ఉంటుందో చూడండి. ఎనిమిది వారాల ముందు నుంచి తిండి కొద్దిగా తగ్గించి, ప్రొటీన్ తగ్గకుండా చూసుకుంటూ 59 దగ్గరికి రావాలి. ఆఖరి వారంలో ఉప్పు, పిండిపదార్థాలు, పీచు తగ్గిస్తే పేగుల్లో, కండరాల్లో నిల్వ ఉన్నది దిగి 58కి వస్తుంది. మిగిలిన కిలోంబావు మాత్రమే తూకానికి ముందురోజు వేడినీటి స్నానంతో చెమటగా పోవాలి. అప్పుడు పక్కన మనిషి తప్పకుండా ఉండాలి. ఒంటరిగా సానాలో కూర్చోవడం, మూత్రం మాత్రలు మింగడం కూడదు. ఆ మాత్రలు డోపింగ్ నిషేధిత జాబితాలో కూడా ఉన్నాయి. తూకం అయ్యాక ఉత్త నీళ్లు గటగటా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. ఉప్పూ చక్కెరా కలిసిన ద్రావణాన్ని గంటలకొద్దీ, కొంచెం కొంచెంగా తాగాలి. సెలైన్ ఎక్కించుకుంటే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. వైద్య అవసరం లేకుండా 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి ఎక్కించుకోవడం డోపింగ్ నిబంధనల ఉల్లంఘన.

ఇంకో మాట, కోచ్‌లు తరచు మరిచిపోయేది. నెలసరికి ముందు రోజుల్లో కొందరికి కిలో, ఒకటిన్నర కిలో నీటి బరువు పెరుగుతుంది. తూకం తేదీ అక్కడ పడితే లెక్క తప్పుతుంది. నెలసరే ఆగిపోతే అది ఫిట్‌నెస్‌కు గుర్తు కాదు. తిండి చాలక ఒళ్లు పనులు ఒక్కొక్కటిగా ఆపేస్తోందని అర్థం, ఎముకల్లో సన్నటి పగుళ్లు ఆ వెనకే వస్తాయి. వరుసగా మూడు నెలలు ఆగితే శిక్షణ పక్కనబెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇక జూడో సంగతి. ఆరేళ్లు వృథా కాలేదు. రోండా రౌజీ 2008 ఒలింపిక్స్‌లో జూడో కాంస్యం గెలిచి, తర్వాత ఎం.ఎం.ఎ.లో అతిపెద్ద సంస్థ యూఎఫ్‌సీకి తొలి మహిళా ఛాంపియన్ అయింది. 2012, 2016 ఒలింపిక్స్ జూడోలో స్వర్ణాలు కొట్టిన కేలా హారిసన్ 2025లో యూఎఫ్‌సీ బాంటమ్‌వెయిట్ టైటిల్ అందుకుంది. అయితే జూడోలో నేర్చినది యథాతథంగా కేజ్‌లోకి, అంటే కంచె కట్టిన ఎం.ఎం.ఎ. బరిలోకి రాదు. ఇబ్బంది మొదలయ్యేది పట్టు దగ్గర. కాలరు, చెయ్యి గుడ్డ పట్టుకుని విసరడం అలవాటైన చేతులకు అక్కడ చెమటతో జారే ఒళ్లు తప్ప ఏమీ దొరకదు. చంక కింద చెయ్యి దూర్చి పట్టడం, నడుం చుట్టూ చేతులు బిగించడం, మెడ వెనక పట్టడం, ఈ మూడింటి మీద ప్రతి విసురునూ మళ్లీ కట్టుకోవాలి. దీనికి ఏడాది పడుతుంది.

రెండోది కాళ్లు. జూడోలో కాళ్లు పట్టడం 2010 నుంచి కట్టడి చేసి 2013లో పూర్తిగా నిషేధించారు. మీ అమ్మాయి నేర్చినదంతా ఆ తర్వాతి జూడో. రెజ్లింగ్ నుంచి వచ్చిన ప్రత్యర్థి రెండు కాళ్లూ పట్టి లాగితే అడ్డుకునే అలవాటు ఆమె ఒంటికి ఉండదు. తుంటి వెనక్కి విసిరి బరువంతా ఎదుటివాళ్ల మీద వేయడం రోజూ సాధన చేయాలి.

మూడోదే అసలు ప్రమాదం. జూడోలో కిందపడితే బోర్లా ముడుచుకుని, రిఫరీ లేపేదాకా ఆగుతారు. కేజ్‌లో అలా ముడుచుకుంటే వీపు అప్పగించినట్టే. ఎదుటివాళ్లు వీపెక్కి, కాళ్లతో నడుం బిగించి, వెనక నుంచి గొంతు నొక్కుతారు. తల, చెయ్యి కలిపి పట్టి విసిరే విసురు తప్పినా ఇదే ఫలితం, ప్రత్యర్థి జారి వెనక్కొస్తుంది. మరో సంగతి, విసురు ఎంత అందంగా పడ్డా ఇక్కడ ఇప్పాన్ (జూడోలో ఒక్క విసురుతోనే వచ్చే పూర్తి గెలుపు) లేదు. జడ్జీలు ముందు చూసేది ఎవరి దెబ్బ, ఎవరి పట్టు ఎదుటివాళ్లను ఎక్కువ దెబ్బతీసిందన్నదే. విసిరి ఊరుకుంటే స్కోరులో పెద్దగా మిగలదు. నిబంధనలు కూడా మారుతూ ఉంటాయి. మోచేతిని నిట్టనిలువుగా పైనుంచి దించడంపై పాత నిషేధాన్ని 2024 నవంబరులో చాలాచోట్ల పాటించే ఏకీకృత నిబంధనల్లోంచి తీసేశారు, కానీ అన్నిచోట్లా ఒకేసారి అమలు కాలేదు. నడుం పట్టి కంచెకు అదిమే అలవాటున్న వాళ్లకు ఇది ప్రాణసంకటం. ప్రతి పోటీకి ముందు అక్కడ ఏ నిబంధనలు నడుస్తున్నాయో అడగాల్సిందే.

జిమ్ ఎంచుకోవడంలో పోస్టర్లు, బెల్టులు చూసి మోసపోవద్దు. స్పారింగ్ (జిమ్‌లో ఒకరితో ఒకరు తలపడే సాధన) ఉన్న రోజు వెళ్లి, చివరి ఇరవై నిమిషాలు గోడ పక్కన కూర్చోండి. అలసిపోయినప్పుడే జిమ్ నిజస్వరూపం కనిపిస్తుంది. ఒకమ్మాయి గడ్డం మీద దెబ్బ తగిలి, మోకాళ్లు ఒక్క క్షణం మెత్తబడి, మళ్లీ నిలబడిందనుకోండి. కోచ్ గడియారం ఆపి, ఆమెను పక్కకు పిలిచి, ఆ రోజుకు చాలని పంపేస్తే మంచి జిమ్. చుట్టూ ఉన్నవాళ్లు ఈలలేస్తే, కోచ్ ‘చేతులు పైకి’ అని అరిచి ఊరుకుంటే, అక్కడ చేర్చకండి. ఈ వృత్తిలో తలకు తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం కెమెరాల ముందు తగిలేవి కావు, మామూలు మంగళవారాల్లో జిమ్‌లో తగిలేవే. తల దెబ్బల ప్రభావం ఏళ్ల తరబడి పోగవుతుంది. స్పృహ తప్పని చిన్న దెబ్బలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కెరీర్ ఎన్నేళ్లు నడుస్తుందో ప్రతిభ కన్నా ముందు తల దెబ్బల్లో చూపే పొదుపే నిర్ణయిస్తుంది.

గట్టి స్పారింగ్ వారానికి ఒకసారి చాలు, ఫైట్ దగ్గరపడితే రెండుసార్లు. ఫైట్‌కు వారం పది రోజుల ముందు పూర్తిగా ఆపేయాలి. నిలబడి కొట్టుకునే స్పారింగ్‌కు 16 ఔన్సుల గ్లవ్స్, కాళ్లకు షిన్ గార్డులు ఉండాలి. ఫైట్‌లో వాడే 4 ఔన్సుల గ్లవ్స్‌తో స్పారింగ్ చేయించే చోట ఎవరి మెదడు గురించీ పట్టింపు లేదనుకోవాలి. మిగిలిన వారమంతా రెజ్లింగ్, బ్రెజిలియన్ జూజిట్సు, ప్యాడ్ల మీద దెబ్బలు, రెండు పూటల బరువుల సాధన, ఒక రోజు పూర్తి విశ్రాంతి. కన్‌కషన్ (తల దెబ్బతో మెదడు అదరడం) వస్తే ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఆపైన మెల్లగా నడక, పరుగు, ఒంటరి సాధన. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు పడుతుంది. దెబ్బలు తగిలే సాధన మాత్రం డాక్టర్ సరేనన్నాకే. తలనొప్పి ఉందని చెబితే ఫైట్ పోతుందని ఈ వయసు పిల్లలు దాచేస్తారు. ఇంట్లో నిద్ర, చిరాకు, వెలుతురు పడకపోవడం మీరు గమనించాలి.

మ్యాట్లు రోజూ క్రిమిసంహారకంతో తుడుస్తున్నారా అని కూడా చూడండి. తామర, స్టాఫ్ అనే బ్యాక్టీరియాతో వచ్చే పుండ్లు జిమ్ మొత్తాన్నీ చుట్టబెడతాయి. ఎర్రగా ఉబ్బి, వేడిగా, రోజురోజుకూ పెరిగే కురుపు కనిపిస్తే పసరు పూసి ఊరుకోకుండా ఆ రోజే చూపించాలి.

ఏడాదిలో ప్రొఫెషనల్ అన్న మాట తొందరపాటు. అమెచ్యూర్ ఎం.ఎం.ఎ.లో అంతర్జాతీయ సమాఖ్య ఐమాఫ్ నిబంధనల ప్రకారం రౌండ్లు మూడు నిమిషాలే, షిన్ గార్డులు తప్పనిసరి, తలకు మోచేతి దెబ్బలు, మోకాలి దెబ్బలు ఉండవు. ప్రొఫెషనల్ ఫైట్‌లో అయిదేసి నిమిషాల రౌండ్లు మూడు, టైటిల్‌కైతే అయిదు, మోచేతులు కూడా. ఎనిమిది పది అమెచ్యూర్ ఫైట్లు చేసి, వాటిలో రెండు మూడైనా తనకన్నా అనుభవం ఉన్నవాళ్లతో ఆడి, ఒక ఓటమి నుంచి తేరుకుని గెలిచాక ప్రొఫెషనల్ కావచ్చు. తొందర ఎందుకు వద్దంటే, ప్రొఫెషనల్ రికార్డు చెరిగిపోదు. మొదటి నాలుగు ఫైట్లలో రెండు ఓడితే పెద్ద సంస్థల్లో జోడీలు కుదిర్చే మ్యాచ్‌మేకర్లు ఆ పేరు పక్కన పెట్టేస్తారు, వెనక్కి అమెచ్యూర్‌గా రానివ్వరు. ఆడవాళ్లలో పోటీదారులు తక్కువ కాబట్టి అయిదారు మంచి విజయాలతోనే పైకి పిలుపు రావచ్చు. అదే కారణంగా సరిజోడీ దొరక్క నెలల తరబడి ఖాళీగా కూర్చోవాల్సి రావచ్చు కూడా.

డబ్బు విషయం మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. ప్రాంతీయ పోటీల్లో మొదటి ఫైట్లకు వచ్చేది శిక్షణ ఖర్చుకే చాలదు, కొన్నిచోట్ల ఫైటర్లే టికెట్లు అమ్మిపెట్టాలి. యూఎఫ్‌సీ స్థాయికి కొత్తగా చేరినవాళ్ల ఒప్పందం సాధారణంగా బరిలో దిగినందుకు 10-12 వేల డాలర్లు, గెలిస్తే మరో అంత అన్న తీరులో ఉంటూ వచ్చింది. 12 వేల లెక్కన ఏడాదికి రెండు ఫైట్లు, ఒకటి గెలిచి ఒకటి ఓడితే 36 వేల డాలర్లు. మేనేజర్‌కు 15 శాతం, కోచ్‌లకు 10 శాతం పోతే 27 వేలు. అందులోంచి పన్ను, శిక్షణ శిబిరం, పోషకాహారం, ఫిజియో. తూకం తప్పితే పారితోషికంలో 20-30 శాతం ప్రత్యర్థికి పోతుంది. మోకాలి లిగమెంట్ తెగితే ఆ ఏడాది ఆదాయం సున్నా. ఫైటర్లు ఉద్యోగులు కారు, జీతం ఉండదు. అందుకే రెండో ఆదాయం ఏర్పడ్డాకే పూర్తికాలం ఫైటింగ్ గురించి ఆలోచించాలి.

ఒప్పందం మీద సంతకానికి ముందు, జిమ్‌తో సంబంధం లేని లాయర్‌కు చూపించండి. ఎన్ని ఫైట్లు, ఎన్ని నెలల్లో, ఫైట్ వద్దంటే లేదా గాయపడితే గడువు ఎంత పొడిగిస్తారు, ఛాంపియన్ అయితే తనంతట తనే పొడిగిపోయే షరతు ఉందా, వైద్య పరీక్షల ఖర్చు, కార్నర్ వాళ్ల (ఫైట్‌లో పక్కనుండే కోచ్‌ల) ప్రయాణం ఎవరిది, గాయానికి బీమా ఎంత? యూఎఫ్‌సీ మీద ఫైటర్లు 2014లో వేసిన దావా చివరికి 37.5 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్‌తో 2025లో ముగిసింది. అంత పెద్ద తగాదా అంతా ఇలాంటి ఒప్పందాల చుట్టూనే నడిచింది. అయిదు రోజుల గడువిచ్చి ‘ఒకరు తప్పుకున్నారు, నువ్వు ఆడతావా’ అని వచ్చే పిలుపుకు, బరువు రెండు కిలోల లోపు తేడాలో లేకపోతే వద్దనే చెప్పాలి. మేనేజర్‌కు వాటా వస్తుంది, దెబ్బ మాత్రం మీ అమ్మాయికే.

చదువు విషయంలో ఫిజియోథెరపీ, స్పోర్ట్స్ సైన్స్, న్యూట్రిషన్ వంటివి ఈ రంగానికి దగ్గరగా ఉంటాయి. కానీ ఇష్టం లేని కోర్సు ఈ కారణంతో రుద్దవద్దు. ఉదయం సాంకేతిక సాధన, పగలు కాలేజీ, సాయంత్రం స్పారింగ్ అన్న దినచర్యతో అమెచ్యూర్ దశ హాయిగా నడుస్తుంది. జూడో క్లాసులు చెప్పడం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. రిఫరీ, జడ్జి శిక్షణలు కూడా ఫైటింగ్‌తో పాటే తీసుకోవచ్చు. జడ్జింగ్ నేర్చుకున్న ఫైటర్‌కు రౌండ్ చివరి నిమిషంలో ఏం చేయాలో తెలుస్తుంది, అది అదనపు లాభం.

జిమ్‌లో చేర్చేముందు ఈ నెలలోనే హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, సి రక్తపరీక్షలు, ఈసీజీ, కంటిపాప పెద్దది చేసి చూసే రెటీనా పరీక్ష, మెదడు ఎమ్మారై చేయించండి. ప్రొఫెషనల్ లైసెన్సుకు ఇలాంటివి చాలాచోట్ల ఎలాగూ అడుగుతారు, రక్తపరీక్షలు మాత్రం కొన్ని నెలలకే చెల్లకుండా పోయి మళ్లీ చేయించాల్సి వస్తుంది. కంటి పరీక్షను మాత్రం ఏటా చేయించండి. మైకేల్ బిస్పింగ్ 2013లో కుడికంటి రెటీనా ఊడిన తర్వాత కూడా ఫైట్లు కొనసాగించాడు, 2016లో ఛాంపియన్ కూడా అయ్యాడు, కానీ ఆ కంటి చూపు దక్కలేదు. కంటి ముందు నల్లటి చుక్కలు, మెరుపులు, తెర దిగినట్టు నీడ కనిపిస్తోందని అమ్మాయి ఎప్పుడు చెప్పినా, ఫైట్ ఎంత దగ్గర్లో ఉన్నా, ఆ రోజే రెటీనా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.