పిన్ మార్చినా ఆయనకి ఎలా తెలుస్తోందంటే

ఫోన్ పిన్ మార్చినా నువ్వెక్కడికి వెళ్లావో మీ ఆయనకి ఎలా తెలుస్తోందని అడిగావు కదా. పిన్ కాదమ్మా, జీమెయిల్ చూడు. ఫోన్ కొన్నరోజు ఆయనే సెట్ చేశారన్నావు కదా. నీ అకౌంట్ ఆయన ఫోన్లోనూ తెరిచి ఉండొచ్చు. అప్పుడు ఏ దొంగ యాప్ లేకపోయినా, ఆ అకౌంట్‌లోంచే నీ ఫోన్ ఎక్కడుందో కనిపించి, నువ్వు విజయనగరంలో బొబ్బిలి బస్సెక్కిన సంగతి తెలిసిపోతుంది. స్క్రీన్ పిన్ దాన్ని ఆపదు.

1. సెట్టింగ్స్, గూగుల్, సెక్యూరిటీలో "మీ పరికరాలు" చూడు. నీది కాని ఫోన్ ఉందా?
2. మ్యాప్స్‌లో నీ ఫొటో నొక్కి "లొకేషన్ షేరింగ్" చూడు.

చూడటం వరకే. ఏదీ తీసేయకు, ఆపకు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. లొకేషన్ ఠక్కున ఆగితే ఆయనకి అనుమానం వస్తుంది, ఆ రాత్రే గొడవ పెద్దదవుతుంది. స్క్రీన్‌షాట్ కూడా వద్దు, అది గూగుల్ ఫొటోస్‌లోకి వెళ్తే ఆయన చూడగలరు. పేపరు మీద రాసి, పుట్టింటివాళ్ల దగ్గర దాచు.

3. నమ్మకమైన పక్కింటావిడ ఫోన్ నుంచి మహిళల హెల్ప్‌లైన్ 181కి చెయ్యి. పగలూ రాత్రీ పలుకుతారు, హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే ప్రభుత్వ కేంద్రం, జిల్లా వన్ స్టాప్ సెంటర్‌కి కలుపుతారు. అక్కడికి వెళ్లేటప్పుడు నీ ఫోన్ ఇంట్లోనే వదిలెయ్యి.
4. సురక్షితమైన చోటికి చేరాకే కొత్త జీమెయిల్, కొత్త పాస్‌వర్డ్.

ఆయన చెయ్యి చేసుకుంటే ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే ఎమర్జెన్సీ నంబర్ 112.