ఆసుపత్రి మీద కేసు వేయడానికి ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. ఎనిమిది నెలల క్రితం మావారు (47 ఏళ్లు, సుగర్ ఉంది) ఛాతీలో మంట, ఎడమ భుజం లాగేస్తోందని ఇక్కడే ఒక నర్సింగ్ హోమ్‌కి వెళ్లారు. గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి, మాత్రలిచ్చి పంపేశారు. ఈసీజీ తీయలేదు. తెల్లవారుజామున మళ్లీ నొప్పి వస్తే వేరే ఆసుపత్రిలో ఈసీజీ తీసి గుండెపోటన్నారు. విశాఖ తీసుకెళ్తుంటే దారిలోనే పోయారు. కిరాణా షాపు ఇప్పుడు నేనే చూస్తున్నాను, నెలకు 12 వేలు మిగులుతోంది. వడ్డీతో కలిపి ఖర్చు 18 వేలు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు లక్షన్నర ఉంది. అబ్బాయికి విజయనగరంలో బీటెక్ ఇంకా రెండేళ్లుంది, ఏడాదికి 1,10,000 ఫీజు. ఎఫ్‌డీ 7 లక్షలు. తెలిసినాయన ఒకరు ‘50 లక్షలు వస్తాయి, ముందు లక్షన్నర ఇవ్వండి, వచ్చాక 30 శాతం’ అంటున్నారు. ఇవ్వమంటారా? మనిషి చావుకు వెల కట్టినట్టు ఉందని మా అత్తగారు బాధపడుతున్నారు.

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి మాట. నష్టపరిహారం అడగడం కొడుకు ప్రాణానికి వెల కట్టడం కాదు. ఆయన సంపాదన మీద బతికిన ముగ్గురు ఇప్పుడెలా బతకాలన్నదే అక్కడ లెక్క. ఈ మాట ఆవిడతో నెమ్మదిగా చెప్పండి.

ఆ లక్షన్నర మాత్రం ఇవ్వకండి. గెలిస్తే ఇంత శాతం అని లాయరు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలే ఒప్పుకోవు. మధ్యవర్తికైతే అడిగే హక్కే లేదు. పైగా మీకు అంత ఖర్చు అక్కర్లేదు. వినియోగదారుల కమిషన్‌లో ఫీజు మీరు అడిగే పరిహారాన్ని బట్టి ఉండదు, ఆసుపత్రికి మీరు కట్టిన డబ్బును బట్టి ఉంటుంది. అది 5 లక్షల లోపైతే ఫీజే లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, అంటే రాయగడ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి దరఖాస్తు ఇస్తే లాయరును పెడతారు.

ఇప్పుడు కేసు బలం గురించి. డాక్టరు రోగాన్ని తప్పుగా గుర్తించినంత మాత్రాన నిర్లక్ష్యం అయిపోదు. ఆ స్థితిలో మామూలు నైపుణ్యం ఉన్న డాక్టరు చేయాల్సింది చేశారా లేదా అన్నదే చూస్తారు. సుగర్ ఉన్న 47 ఏళ్ల మనిషి ఛాతీ మంట, భుజం లాగుడు అని వస్తే మొదట తీయాల్సింది ఈసీజీ. అది నార్మల్‌గా వచ్చినా గుండెపోటు లేదని తేల్చలేరు. కొంతసేపు ఆగి మళ్లీ తీయాలి. ట్రోపోనిన్ రక్త పరీక్ష కూడా నొప్పి మొదలైన కొన్ని గంటలకు గానీ స్పష్టంగా తేలదు, అందుకే ఉంచి చూస్తారు. మీరు రాసినదే నిజమైతే మీ పక్షం గట్టిదే. కానీ మీ మనసును మీరే అడగండి: ‘ఉండండి’ అని వాళ్లంటే మనమే వచ్చేశామా? ఏదైనా కాగితం మీద సంతకం పెట్టామా? అలాంటిది ఉంటే లాయరుకు ముందే చెప్పేయండి.

ఎంత వస్తుందన్నది చూద్దాం. రోడ్డు ప్రమాదాల్లో వాడే లెక్కలో 46-50 వయసుకు గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని హెచ్చించే అంకె, 13. మీవారి ఆదాయం ఏడాదికి 3,60,000 అని కాగితాలు చూపించగలిగితే, సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేసి, 2,40,000 ఇంటూ 13. అంటే 31,20,000. వినియోగదారుల కమిషన్ ఈ లెక్కే పాటించాలని లేదు. సకాలంలో గుర్తించినా బతికేవారు కాదేమో అని అవతలివాళ్లు వాదిస్తారు. అందుకే చాలా తక్కువ కూడా రావచ్చు. వి. కిషన్ రావు కేసు చూడండి. హైదరాబాద్‌లో ఆయన భార్యకు మలేరియా అయితే టైఫాయిడ్ వైద్యం చేశారు. 2002లో జరిగిన దానికి 2010లో సుప్రీంకోర్టు దాకా వెళ్తే నిలిచింది 2 లక్షల పరిహారం. అయితే ప్రతి కేసులోనూ నిపుణుల అభిప్రాయం తప్పనిసరి కాదని తేల్చిన తీర్పు అదే, అది మీకు పనికొస్తుంది.

కాబట్టి ఆ డబ్బు లేదనుకునే ఇల్లు నడపాలి. ఎఫ్‌డీ కొంత తీయండి, కానీ కేసుకు కాదు, ఆ లక్షన్నర అప్పుకు. అది నెలకు 3 వేలు తినేస్తోంది. తీరిస్తే మీ లోటు 6 వేల నుంచి 3 వేలకు దిగుతుంది. మిగిలిన 5,50,000లో రెండేళ్ల ఫీజు 2,20,000, రెండేళ్ల లోటు 72 వేలు పోగా 2,58,000 మిగులుతుంది. ఇంట్లో ఎవరికైనా ఏదైనా అయితే ఆధారం అదే. కేసుకు అందులోంచి 40 వేలు దాటకూడదని గీత గీసుకోండి: జెరాక్సులు, ప్రయాణాలు, కార్డియాలజిస్టు రాతపూర్వక అభిప్రాయం.

మీవారి బ్యాంకు పాస్‌బుక్ ఈ రోజే తెరవండి. మే, జూన్ నెలల్లో 436 రూపాయలు కట్ అయి ఉంటే అది జీవన్ జ్యోతి బీమా, 2 లక్షలు వస్తాయి. 20 రూపాయలు మాత్రమే కట్ అయి ఉంటే అది ప్రమాద బీమా, గుండెపోటుకు వర్తించదు. పాత ఎల్ఐసీ పాలసీ ఏదైనా ప్రీమియం ఆగిపోయి ఉన్నా బ్రాంచిలో ఒకసారి అడగండి.

ఫిర్యాదు చేయడానికి గడువు రెండేళ్లు, మీకింకా పదహారు నెలలుంది. కానీ కాగితాలు సేకరించడానికి అప్పటిదాకా ఆగకండి. రెండు ఆసుపత్రుల రికార్డులూ కావాలని స్పీడ్ పోస్టులో రాయండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి నియమం. ఓపీ చీటీ, మందుల బిల్లు, ఫోన్‌లో కట్టిన డబ్బు మెసేజ్, రెండో ఆసుపత్రి ఈసీజీ ఫొటో తీసి అబ్బాయికీ పంపండి. ఈసీజీ కాగితం మీద గీతలు నాళ్లు గడిస్తే వెలిసిపోతాయి, అది మొదట చేయండి.

ఫిర్యాదులో మీతో పాటు అబ్బాయి పేరు, మీ అత్తగారి పేరు కూడా పెట్టించండి. చట్టం దృష్టిలో ఆవిడ కూడా వారసురాలే.